కాశీయాత్ర ఎవరి ఖర్చుతో?

అమెరికాలో జరిగే తెలుగు పెళ్ళిళ్ళలో అందరికీ నవ్వు తెప్పించే ఘట్టం ఒకటుంది. హోటలు హాల్లో తివాచీ మీద పెళ్ళికొడుకు గొడుగు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని కాశీకి బయలుదేరతాడు. నాలుగడుగులు వెయ్యకముందే బావమరిది ఎదురొచ్చి, ‘బావగారూ, మా అక్కయ్యని చేసుకుని గృహస్థుగా ఉండండి’ అని బతిమాలి, నోట్లో బెల్లంముక్క పెట్టి వెనక్కి తీసుకువస్తాడు. గొడుగు, కర్ర, పావుకోళ్ళు: ఇంతే సరంజామా. దారిబత్తెం మాట ఎవరూ ఎత్తరు. బ్రహ్మచారి కాశీకి పోతానంటే దారిలో తిండీ పడకా ఎవరో ఒకరు చూసుకుంటారన్న నమ్మకం ఆ తంతు వెనక ఉంది. ఈ వ్యాసం ఆ ‘ఎవరో ఒకరి’ గురించి.

ప్రవాసాంధ్రులు రాసే కాశీయాత్రా వ్యాసాలు చాలా కాలంగా చదువుతున్నాను. వాటిలో తక్కువ ఖర్చుతో చేసిన యాత్రకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. హోటలుకు వెళ్ళకుండా సత్రంలో దిగడం, పడవవాడి దగ్గర బేరమాడి సగానికి దింపడం, ఆకులో వడ్డించిన ఉచిత భోజనం, మొత్తం మీద ఇన్ని రూపాయల్లో ముగించామన్న లెక్క: ఇవన్నీ భక్తికి, నిరాడంబరతకు నిదర్శనాలుగా వస్తాయి. లెక్క చెప్పడాన్ని నేను తప్పు పట్టను. ఆ లెక్క సగమే ఉంటుందని మాత్రం అంటాను. మనం ఎంత ఇచ్చామో అందులో ఉంటుంది. మిగిలినది ఎవరు ఇచ్చారో ఉండదు. తెలుగులో కాశీ చుట్టూ అల్లుకున్న రచనలు కొన్నింటిని ఈ రెండో సగం కోసం చదివితే ఏం కనిపిస్తుందో చూడాలని నా ప్రయత్నం.

మొదట చెప్పుకోవలసినది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగకు, కాశీకి పోయి, గయ, కలకత్తా, పూరీ చూసి తూర్పుతీరం వెంట దిగివచ్చాడు. దారిలో చూసినవన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఉత్తరాలుగా రాశాడు. వీరాస్వామయ్య 1836లో చనిపోగా, ఆ ఉత్తరాల గ్రంథాన్ని శ్రీనివాసపిళ్ళ 1838లో అచ్చువేయించాడు. దిగవల్లి వేంకటశివరావు 1941లో ప్రకటించిన ప్రతి వల్ల అది మన తరం దాకా వచ్చింది.

వీరాస్వామయ్యను ఏ విధంగానూ పొదుపు యాత్రికుడు అనలేం. ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం, పల్లకీలు, డేరాలు ఉన్నాయి. అయినా తక్కువ ఖర్చుతో ప్రయాణం చేసేవాడికి పనికొచ్చే పుస్తకం రాసింది ఆయనే. ఏ మజిలీలో అంగళ్ళు ఉన్నాయి, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి నీడ ఉంది, ఏ దారి బండికి పనికిరాదు అన్నవి ఓపికగా నమోదు చేస్తూ పోతాడు. ప్రయాగలో, కాశీలో, గయలో గంగాపుత్రులూ గయావళీలూ యాత్రికుల దగ్గర ఎలా రాబడతారో కూడా చెబుతాడు. తన వెనక రాబోయేవాడికి తనకున్నంత స్తోమత ఉండకపోవచ్చునన్న స్పృహ ఆ పేజీలలో కనిపిస్తుంది. ఉన్నవాడు లేనివాడి కోసం రాసిన పుస్తకం అది. దాని గొప్పతనాన్ని తొలి తెలుగు యాత్రాగ్రంథం అన్న కీర్తిలో కన్నా ఇక్కడే ఎక్కువగా చూస్తాను.

ఆ రోజుల్లో లేనివాడి స్థితి ఏమిటో తెలియాలంటే ఆ పుస్తకం పక్కన కంపెనీ శాసనాలు పెట్టి చదవాలి. ప్రయాగలో, గయలో, పూరీలో ఈస్టిండియా కంపెనీ యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. ప్రయాగలో కాలినడకన వచ్చినవాడికి ఒక రూపాయి. వాహనం మీద వచ్చినవాడికి అంతకన్నా ఎక్కువ. పూరీలో యాత్రికులను తరగతులుగా విభజించారు. ఎక్కువ పన్ను కట్టినవాడికి ఎక్కువ రోజులు, ఎక్కువ సౌకర్యంతో దర్శనం. బొత్తిగా ఏమీ లేనివాళ్ళకు మినహాయింపు ఉండేది కాని, దానితోపాటు నిరీక్షణ కూడా ఉండేది. ఈ పన్ను 1840లో రద్దయింది. ఇవాళ కాశీ విశ్వనాథాలయంలో రుసుము కట్టి ‘సుగమ దర్శనం’ వరుసలో నిలబడే మనం ఆ తరగతుల పట్టికను కొత్తదనుకోనక్కరలేదు.

వీరాస్వామయ్య పుస్తకానికి ఒక పరిమితి ఉంది. ఆ పల్లకీలు మోసిన బోయీల గొంతు మనకు వినబడదు. వాళ్ళూ కాశీ చూశారు, వాళ్ళూ గంగలో మునిగారు. ఆ కాలపు తెలుగువాళ్ళలో అందరికన్నా తక్కువ ఖర్చుతో కాశీ చేరినవాళ్ళు వాళ్ళేననుకోవచ్చు. ఎందుకంటే వాళ్ళు తమ భుజాలతో చెల్లించారు. వాళ్ళ యాత్రాచరిత్ర ఎవరూ రాయలేదు.

వాస్తవ యాత్రలో వినబడని ఈ సేవకుడి గొంతు కల్పనలో మాత్రం వినబడింది. మధిర సుబ్బన్నదీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథల’లో మణిసిద్ధుడు అనే బ్రాహ్మణ బ్రహ్మచారికి కాశీ పోవాలని ఉంది. తోడు లేదు. చివరకు గోపుడు అనే పశువుల కాపరి ఒప్పుకుంటాడు. వాడు అడిగిన జీతం విచిత్రమైనది: ప్రతి మజిలీలోనూ తాను చూసి వచ్చిన వింతకు వెనకనున్న కథ చెప్పాలి. చెప్పకపోతే అక్కడితో సరి. చిన్నప్పుడు ఈ పుస్తకాన్ని రాజకుమారుల కోసం, ఎగిరే గుర్రాల కోసం చదివాను. ఇప్పుడు చదివితే నన్ను ఆపుతున్నది ఆ ఒప్పందమే. చేతిలో డబ్బు లేని యాత్రికుడు తన దగ్గరున్నదానితో, అంటే విద్యతో, కూలి చెల్లిస్తున్నాడు. గోపుడు మొహమాటం లేకుండా వసూలు చేస్తున్నాడు. కథ నచ్చకపోతే అలుగుతాడు, ప్రశ్నలు వేస్తాడు, మూట దింపి కూర్చుంటాడు. మూట మోసేవాడికి బాకీ ఉన్నామని యాత్రికుడు ప్రతి సాయంత్రం ఒప్పుకోవలసిన కథ తెలుగులో ఇంకొకటి నాకు తెలియదు. మన యాత్రావ్యాసాలలో రిక్షావాడు, పడవవాడు బేరంలో ఓడిపోయిన మనుషులుగా వస్తారు. వాళ్ళ పక్కన గోపుణ్ణి నిలబెడితే తేడా తెలుస్తుంది.

విద్యతో యాత్ర ఖర్చు చెల్లించడం కల్పనలోనే జరగలేదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో పుట్టారు. పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి వ్యాకరణం చదువుకోవాలన్న తపన. చేతిలో దమ్మిడీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో పురాణం చెప్పి, అవధానం చేసి కొంత సొమ్ము కూడబెట్టుకుని, స్నేహితుడితో కలిసి బయలుదేరారు. కాశీలో నోరి సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర శిష్యరికం చేశారు. తరవాతి రోజుల్లో ఆ అనుభవాన్ని ‘కాశీయాత్ర’ అనే చిన్న వచనగ్రంథంగా రాశారు. తిరుపతి వేంకట కవుల పేరుతో రెండు తరాల తెలుగు పద్యాన్ని శాసించిన అవధానవిద్య ఒక కుర్రవాడి దారిఖర్చుల కోసం కూడా ఉపయోగపడిందని గుర్తుంచుకోవడం మంచిది.

చెళ్ళపిళ్ళ వెళ్ళేనాటికి కాలం మారింది. కాశీ దగ్గర గంగ మీద రైలు వంతెన 1887లో తెరిచారు. వీరాస్వామయ్యకు నెలలు పట్టిన దూరం రోజుల్లోకి వచ్చేసింది. ‘కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే’ అన్న సామెతకు ఆధారం జారిపోయింది. కాని రైలు చేసిన చవక దారికి మాత్రమే. కాశీలో ఉండడాన్ని చవక చేసినవి అన్నసత్రాలు. దేశం నలుమూలల సంస్థానాధీశులు, వర్తకులు అక్కడ సత్రాలు కట్టించారు. విజయనగరం మహారాజులకు అక్కడ కోట ఉంది. నాట్టుకోట్టై చెట్టియార్ల సత్రం నేటికీ నడుస్తోంది. ఇల్లు విడిచి వచ్చిన బ్రాహ్మణ విద్యార్థికి ఆ ఊళ్ళో రెండు పూటలా అన్నం దొరుకుతుందన్న భరోసా ఉండేది. ఆ భరోసా మీద ఎందరో తెలుగు పండితులు అక్కడ తర్కం, వ్యాకరణం, వేదాంతం చదువుకుని వచ్చారు.

ఆ భరోసాకు ఒక హద్దు ఉందని ఇక్కడ చెప్పకపోతే నా లెక్క కూడా సగమే అవుతుంది. బ్రాహ్మణ విద్యార్థికి పెట్టిన అన్నం అందరికీ పెట్టినది కాదు. కాశీలోనూ, శ్రీశైలంలోనూ, తిరుపతిలోనూ కులాల పేరుతో కట్టిన సత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. యాత్ర ఎవరికి చవక, ఎవరికి ప్రియం అన్నది చాలా కాలం పుట్టుకను బట్టి నిర్ణయమైంది. కులం కలవాడికి సత్రం. కులమూ డబ్బూ రెండూ లేనివాడికి చెట్టు నీడ. గుడి వాకిలి దగ్గరకు వచ్చేసరికి ఆ నీడ కూడా లేదు.

అందుకే ఈ వరుసలో గుర్రం జాషువ ‘గబ్బిలాన్ని’ చేర్చి చదవాలంటాను. 1941లో వచ్చిన ఈ కావ్యాన్ని కాళిదాసు ‘మేఘసందేశా’నికి ప్రతిగా చదవడం మనకు అలవాటు. యాత్రాసాహిత్యంగా ఎవరూ చదవరు. తంజావూరి ప్రాంతంలోని ఒక అస్పృశ్యుడు తన గోడును కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మేఘాన్నో హంసనో వదిలి గబ్బిలాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. గబ్బిలం గుడి చూరుకు వేలాడుతుంది. దాన్ని ఎవరూ గెంటరు. దేవుడి చెవికి దగ్గరగా ఉంటుంది. ఆ మనిషికి కాశీ వెళ్ళడానికి డబ్బు లేదు. ఉన్నా గర్భాలయం దాకా పోనివ్వరు. కాశీ విశ్వనాథాలయంలోకి హరిజనుల ప్రవేశం 1950 దశకంలో, తీవ్రమైన వ్యతిరేకత మధ్య జరిగింది. అంటే జాషువ రాసేనాటికి ఆ మనిషి ముందున్న దారి అదొక్కటే: తాను కదలకుండా సందేశాన్ని పంపడం. తెలుగులో అన్నిటికన్నా ఖర్చు తక్కువైన కాశీయాత్ర ఇదే. టిక్కెట్టు లేదు, సత్రం లేదు, దక్షిణ లేదు. యాత్రికుడే లేడు. తక్కువ ఖర్చు అన్నది ఎంపిక ఎప్పుడవుతుందో, నిర్బంధం ఎప్పుడవుతుందో ఈ కావ్యం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పలేదు.

మనముంటున్న దేశం నుంచి వెళ్ళినవాళ్ళ సంగతి కూడా చూద్దాం. దివాలా తీసిన మార్క్ ట్వేన్ అప్పులు తీర్చడానికి ఉపన్యాసాలిస్తూ ప్రపంచం చుట్టివస్తూ 1896లో కాశీకి వచ్చాడు. మరుసటి ఏడు అచ్చయిన ‘ఫాలోయింగ్ ది ఈక్వేటర్’లో కాశీ యాత్రికుడికి వేళాకోళంగా ఒక కార్యక్రమ పట్టిక తయారుచేసి పెట్టాడు, గంగనీటిలో కలరా క్రిములు చస్తాయన్న హాంకిన్ ప్రయోగాల గురించి ఆశ్చర్యపోతూ రాశాడు. ఎలెన్ గిన్స్‌బర్గ్ 1962 డిసెంబరు నుంచి 1963 మే దాకా దశాశ్వమేధ ఘాట్ దగ్గర గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. అతని ‘ఇండియన్ జర్నల్స్’లో బిచ్చగాళ్ళు, కాలుతున్న చితులు పేజీల నిండా ఉంటాయి. ట్వేన్ అప్పుల వల్ల వచ్చాడు, గిన్స్‌బర్గ్ కోరి పేదగా బతికాడు. ఇద్దరికీ తిరిగి పోవడానికి ఒక దేశం ఉంది. వాళ్ళ తరవాత చౌకగా తిరగడం పాశ్చాత్య యువతరానికి ఒక జీవన విధానమైంది. ఆ పద్ధతి మన పిల్లలకు వీపుసంచీతో సహా వచ్చింది. మనకు సత్రం గది రూపంలో వచ్చింది.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకు వెళ్ళాను. మూడు నెలల ముందే అమెరికా నుంచి ఫోను చేసి ఒక తెలుగు సత్రంలో గది చెప్పి ఉంచుకున్నాను. హోటలుకు ఇచ్చే స్తోమత లేక కాదు. సత్రంలో ఉండడమే అసలైన యాత్ర అని నా ఊహ. రెండో రోజు సాయంత్రం అక్కడ పనిచూసే పెద్దాయన వచ్చి, ‘డాక్టరుగారూ, శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ, మనవడు వచ్చారండి. ఆవిడకి ఒంట్లో బాగా లేదు. మీరు ఒక్కరే కదా, హాల్లో పక్క వేయిస్తాను, గది వాళ్ళకిద్దామా?’ అని అడిగాడు. నేను, ‘ముందుగా చెప్పి ఉంచుకున్నానండీ’ అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. అంత సున్నితంగా వెళ్ళిపోవడం వల్ల నాకు కోపం కూడా వచ్చింది. నా హక్కును నేను అడుక్కోవలసి వచ్చిందనిపించింది.

మర్నాడు తెల్లవారుజామున స్నానానికి బయలుదేరితే, వరండాలో చాప మీద ఆవిడ కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా గుండెజబ్బులవాళ్ళను చూస్తున్నవాణ్ణి. ఆ వాపేమిటో నాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. నేను దాటడానికి వీలుగా మూట పక్కకి లాక్కుని, ‘నెమ్మదిగా బాబూ, అక్కడ తడిగా ఉంది’ అంది. గది కాదన్నది నేనేనని ఆవిడకు తెలుసో లేదో తెలియదు. గంగ దాకా వెళ్ళలేక సగం దారిలో వెనక్కి తిరిగాను. గది ఖాళీ చేసి వాళ్ళకిప్పించాను. ఆవిడ వద్దంటూనే, చివరకు మనవడి కోసమని ఒప్పుకుంది. చెయ్యవలసిన పనిని పన్నెండు గంటలు ఆలస్యంగా చేసినవాడు దాన్ని దానం అనుకోకూడదు.

ఆ రోజు హాల్లో కూర్చుని గోడలు చదివాను. తెలుగు సత్రాల గోడలు ఎక్కినవాళ్ళకు తెలుసు: అడుగడుగునా పాలరాతి పలకలు. తల్లిదండ్రుల స్మృత్యర్థం ఒక గది, కొడుకు జ్ఞాపకార్థం ఒక రోజు అన్నదానం, ఊరి పేరు, ఇంటిపేరు, ఇచ్చిన సొమ్ము. తెనాలి, అమలాపురం, గద్వాల, వరంగల్లు. నా గదికి నేనిచ్చిన విరాళం విమానాశ్రయంలో నా కాఫీ ఖర్చుకు కొంచెం ఎక్కువ. మిగిలినది ఎవరిచ్చారో ఆ గోడ చెబుతోంది. ఏ యాత్రావ్యాసంలోనూ నాకు కనబడని రెండో సగం లెక్క అక్కడ అచ్చయి ఉంది. ఆ సొమ్ము ఇచ్చినవాళ్ళు తలుచుకున్న యాత్రికుడు నేను మాత్రం కాదు.

కాశీలో అన్నం గురించిన కథలన్నిటికీ మూలమైన కథ ఆ మధ్యాహ్నం కొత్తగా అర్థమైంది. శ్రీనాథుడు చెప్పిన వ్యాసుడి భిక్ష ఘట్టం ఇటీవలి పదో తరగతి వాచకాల్లో కూడా పాఠంగా ఉంది. శిష్యులతో కాశీలో భిక్షకు తిరిగిన వ్యాసుడికి శివుడి మాయవల్ల ఏ ఇంటా మెతుకు దొరకదు. రెండో రోజూ అంతే. ఆకలి మండి, ఈ ఊరివాళ్ళకు మూడు తరాలు ధనం, విద్య, మోక్షం లేకుండా పోవాలని శపించబోతాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట సామాన్య గృహిణిలా పార్వతి ప్రత్యక్షమై, మందలించి, స్నానం చేసి శిష్యులతో రమ్మని పిలిచి అందరికీ అన్నం పెడుతుంది. ఆ తరవాత శివుడు వ్యాసుణ్ణి కాశీ విడిచి పొమ్మంటాడు. వ్యాసుడు దక్షారామం దారి పడతాడు.

మా మాష్టారు దీన్ని కోపం మీద పాఠంగా చెప్పారు. చెప్పదగ్గ మాటే. కాని శ్రీనాథుడి దృష్టి అంతకన్నా లోతైనది. వ్యాసుడు ఆకలితో ఉన్నందుకు శివుడు శిక్షించలేదు; అన్నం పెట్టి మరీ పంపాడు. ఇతరులు ఇష్టంతో ఇచ్చేదాన్ని తనకు రావలసిన బాకీగా లెక్కగట్టినందుకు శిక్షించాడు. వేదాలను విభజించినవాడిక్కూడా కాశీలో భిక్ష హక్కు కాదు. చవక యాత్రికుడి గురించి తెలుగులో వచ్చిన మొదటి విమర్శ అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ‘ముందుగా చెప్పి ఉంచుకున్నానండీ’ అన్న నా మాటలో ఆ శాపం స్వరం కొంత ఉంది.

వీరాస్వామయ్య తన ఖర్చును తానే భరించి, వెనక వచ్చేవాడికి దారి రాసిపెట్టాడు. మణిసిద్ధుడు మూట మోసినవాడికి కథలతో బాకీ తీర్చాడు. చెళ్ళపిళ్ళ అవధానంతో దారిఖర్చు సంపాదించుకుని, సత్రాల పుణ్యాన తెచ్చుకున్న విద్యను వందలమంది శిష్యులకు పంచారు. జాషువ కథానాయకుడికి ఈ దారులేవీ తెరవలేదు. ఈ నలుగురినీ ఎరిగిన భాషలో రాస్తున్న మనం, ఖర్చుల పట్టిక కింద మరొక్క వరుస చేర్చగలం: ఈ యాత్ర చవకగా ముగియడానికి ఎవరెవరు ఎంతెంత పెట్టుకున్నారు? పడవవాడు వదులుకున్న సగం, వంటశాలలో తెల్లవారకముందే లేచినవాళ్ళ శ్రమ, పలకల మీద పేర్లు, వరండాలో పడుకున్నవాళ్ళ రాత్రి. సత్రంలో దిగవద్దని నేను చెప్పను. దిగితే గది అసలు ధర కట్టి, ఇంకొకరి రాత్రికి కూడా కట్టి రావచ్చు. పుష్కరాల రోజుల్లో హోటలుకు పోవచ్చు. ఆ లెక్క పూర్తిగా రాసిన వ్యాసం ఎవరు రాసినా, ఎంత ఖర్చయిందని చెప్పినా, నేను శ్రద్ధగా చదువుతాను.